పాత మారుతి 800 నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మారుతి 800 తయారీ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగింది. ఆ బండ్లు ఇప్పటికీ మన ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. "బాగానే పోతుంది, ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతుంది" అన్న ఫిర్యాదూ వాటితోపాటే తిరుగుతోంది. ఇందులో డబ్బు వృథా అయ్యే దారి ఒకటుంది. ఆగినప్పుడు ఏమీ చూడరు. కాసేపటికి అదే స్టార్టవుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ అంతా బాగానే ఉంటుంది. ఇక ప్లగ్గులు, కాయిల్, పంపు అంటూ ఒక్కో పార్టూ మారుస్తూ పోతారు. లోపం పట్టుబడేది బండి ఆగి ఉన్న ఆ ఐదు పది నిమిషాల్లోనే. ఆ కాసేపట్లో స్పార్క్ లేదా, పెట్రోల్ లేదా అన్నది తేలితే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడి జవాబులు కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే పార్టు) ఉన్న 800కీ, 2000 ప్రాంతం నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే) 800కీ రాసినవి. ఓమ్ని, పాత జెన్, పాత ఆల్టోలకు కూడా చాలా మటుకు పనికొస్తాయి.

## రోడ్డు మీద ఆగినప్పుడు

బండి స్పీడులో ఉండగానే ఇంజన్ ఆగిపోయింది. ముందు ఏం చేయాలి?

క్లచ్ తొక్కండి, ఎడమ ఇండికేటర్ వేయండి, ఉన్న ఊపుతోనే రోడ్డు అంచుకి తెచ్చుకోండి. బండి కదులుతుండగా తాళంచెవిని లాక్ దాకా తిప్పొద్దు. స్టీరింగు బిగుసుకుపోతుంది. బ్రేకు బూస్టర్ ఉన్న బండిలో ఇంజన్ ఆగాక ఒకటి రెండు తొక్కుళ్లకే వాక్యూమ్ మిగిలి ఉంటుంది. కాబట్టి పదేపదే పంపు కొట్టకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. పవర్ స్టీరింగ్ ఉన్న బండయితే స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కుతుంది, రెండు చేతులా తిప్పాలి.

ఆగాక హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర త్రికోణాన్ని వెనక కనీసం 50 మీటర్ల దూరంలో పెట్టండి. మనుషులు బండిలో కూర్చోకూడదు, ఎడమ రెయిలింగ్ అవతల నిలబడాలి. జాతీయ రహదారి మీదయితే 1033కి, ప్రమాదం ఉందనిపిస్తే 112కి ఫోన్ చేయండి.

రైల్వే గేటు మధ్యలో ఆగింది, స్టార్ట్ కావట్లేదు, తోసేవాళ్లు లేరు. దారి ఉందా?

ముందు అందరినీ దించి పట్టాలకు దూరంగా పంపండి. రైలు కనిపిస్తున్నా, దాని చప్పుడు వినిపిస్తున్నా బండిని వదిలేసి మీరూ వెళ్లిపోండి. టైము ఉంటే ఫస్ట్ గేరులో పెట్టి, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసేసి, సెల్ఫ్ కొట్టండి. స్టార్టర్ మోటారే బండిని కుదుపుతూ కొన్ని మీటర్లు లాక్కెళ్తుంది. 800 తేలికైన బండి కాబట్టి బ్యాటరీ బాగుంటే పట్టాలు దాటడానికి అది చాలు. మామూలు రోడ్డు మీద మాత్రం ఈ పని చేయొద్దు, మోటారు కాలిపోతుంది.

ఆగిన వెంటనే ఏమేం చూసి పెట్టుకోవాలి?

మొదట డ్యాష్‌బోర్డు చూడండి. ఇంజన్ ఆగి, తాళం ఆన్‌లోనే ఉంటే ఎర్రటి ఆయిల్ లైటూ, బ్యాటరీ లైటూ వెలగాలి. అవి వెలగలేదంటే కరెంటే రావట్లేదు. అంటే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ మీద అనుమానం. కార్బొరేటర్ జోలికి వెళ్లక్కర్లేదు. ఎవరూ పట్టించుకోని గుర్తు ఇదే, పైసా ఖర్చు లేనిదీ ఇదే.

తర్వాత, ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోండి. స్విచ్ తీసేసినట్టు ఒక్కసారిగా కట్ అయితే సాధారణంగా స్పార్క్ వైపు లోపం. జర్కులిస్తూ, లాగలేక, రెండు మూడుసార్లు దగ్గి ఆగితే పెట్రోల్ వైపు. ఇది నూటికి నూరుపాళ్లు నిజమయ్యే సూత్రం కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం చెబుతుంది.

తర్వాత పెట్రోల్. కార్బొరేటర్ బండిలో ఫ్లోట్ గదికి (కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలిచే చోటుకి) చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాని మధ్యలో గుండ్రటి గుర్తుంటుంది. పెట్రోల్ మట్టం ఆ గుర్తు దగ్గర కనబడాలి. కిటికీ ఖాళీగా ఉంటే పెట్రోల్ అందట్లేదు. ఎంపీఎఫ్ఐలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు 'జుంయ్' మని పంపు శబ్దం రావాలి.

చివరగా ఒక కాగితం మీద రాసి పెట్టండి: ఎంత దూరం నడిచాక ఆగింది, ఎంత స్పీడు, ఏసీ ఉందా, ట్యాంకులో పెట్రోల్ ఎంత, ఎండా వానా, ఎన్ని నిమిషాలకు మళ్లీ స్టార్టయింది. ఈ ఆరు సంగతులు చెబితే మంచి మెకానిక్ నేరుగా అసలు చోటికే చేయి పెడతాడు.

స్పార్క్ ఉందో లేదో రోడ్డు పక్కనే ఎలా చూడాలి?

కార్బొరేటర్ బండికి డిక్కీలో ఒక పాత ప్లగ్గు ఉంచుకోండి. ముందు పెట్రోల్ లీకు, వాసన లేవని చూసుకోండి. ఒక ప్లగ్గు వైరు పీకి పాత ప్లగ్గుకి తొడిగి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకి గట్టిగా ఆనేలా తీగతో కట్టండి. చేత్తో పట్టుకోవద్దు, షాకు బలంగా కొడుతుంది. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. నీలం రంగు స్పార్క్ 'టక్ టక్' మంటూ పడితే మంచిదే. పసుపుగా, సన్నగా ఉంటే బలహీనం.

ప్లగ్గు వైర్లలో స్పార్క్ లేకపోతే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే మధ్య వైరుని ఇలాగే చూడండి. అక్కడ ఉండి ప్లగ్గుల దగ్గర లేదంటే క్యాప్ లేదా రోటర్ పోయింది. అక్కడా లేదంటే కాయిల్, పాయింట్లు (పాత మోడల్‌లో స్పార్క్ కోసం కరెంటు తెంపే కాంటాక్టులు), మాడ్యూల్ (ఆ పనే చేసే ఎలక్ట్రానిక్ పార్టు) లేదా వాటికి వచ్చే కరెంటు. ఎంపీఎఫ్ఐలో అయితే ముందు పంపు ఫ్యూజు తీసేసి, ఆ తర్వాతే స్పార్క్ చూడాలి. ఏ వైరునీ గాలిలో వేలాడేసి సెల్ఫ్ కొట్టొద్దు. కాయిల్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దెబ్బతింటాయి.

## ఎప్పుడు ఆగుతోంది?

అరగంట బాగానే నడుస్తుంది, తర్వాత ఆగుతుంది, చల్లారితే మళ్లీ స్టార్టవుతుంది. ఏం పోయినట్టు?

వేడికి ఫెయిలయ్యే పార్టు ఏదో ఉంది. అనుమానితులు ముగ్గురు: ఇగ్నిషన్ కాయిల్, పెట్రోల్ లైను, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్. ఎంపీఎఫ్ఐలో మాడ్యూల్ బదులు పొజిషన్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పేది) అనుకోండి.

తేల్చే పద్ధతి తేలిక. ఆగగానే తడిగుడ్డని బాగా పిండి కాయిల్ మీద చుట్టండి, టెర్మినళ్లకు తడి తగలకూడదు. రెండు మూడు నిమిషాల్లో స్పార్క్ వచ్చి స్టార్టయితే కాయిలే. తేడా లేకపోతే అదే గుడ్డని పెట్రోల్ పంపు మీదా, కార్బొరేటర్‌కి వెళ్లే పైపు మీదా వేయండి. అప్పుడు స్టార్టయితే వేపర్ లాక్, అంటే పెట్రోల్ ఆవిరై దారికి అడ్డుపడటం. రెంటికీ లొంగకుండా, స్పార్క్ కూడా లేకపోతే మాడ్యూల్ లేదా సెన్సర్. ఊరికే పది నిమిషాలు ఆగినా బండి స్టార్టవుతుంది కాబట్టి, ఒకసారి గుడ్డ వేసి, మరోసారి వేయకుండా ఎంత టైము పట్టిందో పోల్చి చూడండి.

మే నెలలోనే ఈ బాధ. చలికాలంలో అసలు ఆగదు. వేపర్ లాక్ అంటే ఇదేనా?

చాలావరకు ఇదే. కార్బొరేటర్ 800లో పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, క్యామ్‌షాఫ్ట్ దాన్ని కొడుతుంది. రామగుండంలోనో విజయవాడలోనో మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బానెట్ కింద గాలి ఆడదు. పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు కానీ ఆవిరిని తోయలేదు. ఫ్లోట్ గది ఖాళీ అవుతుంది, బండి దగ్గి ఆగుతుంది.

చూడాల్సినవి ఇవి. పంపుకీ ఇంజన్‌కీ మధ్య మందపాటి ఇన్సులేటర్ ప్యాకింగ్ ఉండాలి. రిపేరు చేసినప్పుడు దాన్ని పారేసి మామూలు పలచటి గ్యాస్కెట్ వేసి ఉండొచ్చు. పెట్రోల్ పైపు ఎగ్జాస్ట్‌కి దగ్గరగా పోకూడదు. ట్యాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ పైపు ఉంటే నొక్కుకుపోకూడదు, ఎందుకంటే వేడెక్కిన పెట్రోల్‌నీ ఆవిరినీ వెనక్కి పంపేది అదే. ఎగ్జాస్ట్ మీది వేడి కవచపు రేకు తుప్పు పట్టి ఊడిపోయి ఉంటే కొత్తది వేయించండి. రేడియేటర్ ఫ్యాన్ టైముకి తిరుగుతోందో లేదో కూడా చూడండి.

పైపు మీద బట్టల క్లిప్పులు పెట్టే పాత చిట్కా వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఆగిన చోట బానెట్ ఎత్తి, నీడలో పది పదిహేను నిమిషాలు ఉంచడమే సరైన పని.

పొద్దున్నే మొదటి కిలోమీటరులోనే రెండు మూడుసార్లు ఆగుతుంది, వేడెక్కాక బాగుంటుంది. ఎందుకు?

చోక్ సరిగా పడట్లేదు. ఎయిర్ క్లీనర్ తీసి, లోపలి నుంచి చోక్ నాబ్ లాగమనండి. కార్బొరేటర్ మూతి మీది రేకు పూర్తిగా మూసుకోవాలి. సగమే మూస్తే కేబుల్ సరిచేయాలి. ఎంపీఎఫ్ఐలో అయితే టెంపరేచర్ సెన్సర్, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరగడం) వాల్వ్ చూడాలి.

సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతుంది. రేస్ ఇస్తుంటే బాగానే ఉంటుంది.

మెయిన్ జెట్ దారి బాగుంది, ఐడిల్ దారి మూసుకుంది. కార్బొరేటర్ 800లో ఐడిల్ పెట్రోల్‌ని తెరిచే చిన్న కరెంటు సోలనాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేసి దాని వైరు పీకి మళ్లీ తగిలించండి, 'టిక్' మనాలి. శబ్దం లేకపోతే వైరులో 12 వోల్టులు వస్తున్నాయో టెస్ట్ ల్యాంపుతో చూడండి. కరెంటు వస్తున్నా చప్పుడు లేదంటే సోలనాయిడ్ పోయింది. వైరు ఊడి వేలాడుతున్న పాపానికి కార్బొరేటర్ మొత్తం విప్పేసిన సందర్భాలు తక్కువేమీ కావు.

సోలనాయిడ్ బాగుంటే ఐడిల్ జెట్‌లో చెత్త ఉంటుంది. దాన్ని కార్బొరేటర్ క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, మైలేజీ పోతుంది. అన్నీ అయ్యాక ఇంజన్ వేడి మీద ఐడ్లింగ్ 900 ఆర్పీఎం దగ్గర పెట్టించండి.

60 దాటినా, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా జర్కులిచ్చి ఆగుతుంది. ఊళ్లో మాత్రం ఏ బాధా లేదు.

ఇంజన్‌కి ఎక్కువ పెట్రోల్ కావాల్సిన చోట అందట్లేదు. శ్రీశైలం ఘాట్ లాంటి చోట్ల సెకండ్ గేరులో ఎక్కుతుంటే ఈ లోపం బయటపడుతుంది. ముందు ఫిల్టర్ మార్చండి, అన్నిటికన్నా చవక అదే. పాత ఫిల్టర్ కోసి చూస్తే ఎర్రటి తుప్పుపొడి ఉందా? ఉంటే ట్యాంకు కడిగించకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా లాభం లేదు. తర్వాత పంపు. పైపుని కార్బొరేటర్ దగ్గర తీసి సీసాలో పెట్టి, స్పార్క్ రాకుండా కాయిల్ కరెంటు వైరు తీసేసి సెల్ఫ్ కొట్టండి. ప్రతి దెబ్బకీ పెట్రోల్ బలంగా చిమ్మాలి. నీరసంగా కారితే పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) లేదా వాల్వులు పోయాయి.

వాన పడితే చాలు ఆగిపోతుంది. ఎక్కడ చూడాలి?

డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ప్లగ్గు వైర్లు. రాత్రి చీకట్లో ఇంజన్ ఆన్‌లో ఉంచి, వైర్ల మీద నీళ్లు సన్నగా చల్లండి. కరెంటు లీకవుతున్న చోట నీలి మెరుపులు కనిపిస్తాయి. క్యాప్ లోపల పెన్సిల్ గీతలా నల్లటి చార ఉంటే పగిలినట్టే, తుడిస్తే పోదు, మార్చాలి.

గుంతలో పడ్డప్పుడల్లా ఒక్క క్షణం కట్ అయ్యి మళ్లీ అందుకుంటుంది.

లూజు కనెక్షన్. బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ, ఫ్యూజ్ బాక్సు, కాయిల్ వైర్లు వరసగా చూడండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఒక్కో వైరునీ మెల్లగా కదిపితే ఏదో ఒక చోట ఆగుతుంది. బరువైన తాళాల గుత్తి ఏళ్ల తరబడి వేలాడితే ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులు అరుగుతాయి. తాళంచెవిని ఆన్‌లోనే ఉంచి అటూ ఇటూ కదిపితే అదీ తెలుస్తుంది.

ఏసీ వేస్తేనే ఆగుతుంది.

కంప్రెసర్ భారం పడ్డప్పుడు ఐడ్లింగ్‌ని పెంచే ఏర్పాటు పనిచేయట్లేదు. కార్బొరేటర్ బండిలో అది వాక్యూమ్‌తో నడిచే చిన్న డయాఫ్రమ్. దాని పైపు చిట్లిందేమో చూడండి. మామూలు ఐడిల్ స్క్రూనే పెంచి పని కానిచ్చేస్తే ఏసీ లేనప్పుడు ఇంజన్ అరుస్తుంది, పెట్రోల్ తాగేస్తుంది.

## పెట్రోల్ వైపు

ఆగినప్పుడు ట్యాంకు మూత తెరిస్తే 'స్స్' మని శబ్దం వస్తుంది, వెంటనే స్టార్టవుతుంది. సంబంధం ఉందా?

ఉంది. పెట్రోల్ బయటికి వెళ్లేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. మూతలోనో వెంట్ పైపులోనో దారి మూసుకుంటే లోపల వాక్యూమ్ ఏర్పడి, పంపు లాగలేకపోతుంది. మూత తెరవగానే గాలి బయటి నుంచి లోపలికి పోతుంటే లోపం ఇదే. ఎండలో ఆవిరి ఒత్తిడితో గాలి బయటికి చిమ్మడం మామూలే, దాన్ని చూసి కంగారు పడొద్దు. మూత మార్చండి, వెంట్ పైపు ఊదించండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ పెట్రోలే కారణమని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

కొంత నిజం. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌ని దృష్టిలో పెట్టుకుని కార్బొరేటర్ 800ని తయారు చేయలేదు. ఇథనాల్ మూడు పనులు చేస్తుంది. పాత రబ్బరు పైపుల్ని, డయాఫ్రమ్‌నీ, ఫ్లోట్ నీడిల్ కొసనీ ఉబ్బించో గట్టిపరిచో పాడుచేస్తుంది. ట్యాంకు అడుగున ఏళ్లుగా అంటుకున్న మురికిని కదిలించి ఫిల్టర్‌లోకి పంపుతుంది. దానిలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్ మీద మిక్చర్ పలచనై, ఐడ్లింగ్‌లో ఇంజన్ వణికి ఆగుతుంది. పైగా తేమని పీలుస్తుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకి దిగిపోతుంది.

అలాగని ప్రతి లోపాన్నీ దాని మీదికి నెట్టకూడదు. గాజుసీసాలో కాస్త పెట్రోల్ పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయించాలి. రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించండి. పైపు మీద 'ఎస్ఏఈ జే30 ఆర్9' అన్న అచ్చు ఉంటే నిశ్చింత. ఐడిల్ మిక్చర్ తిరిగి సరిచేయిస్తే వణుకు చాలావరకు తగ్గుతుంది. వాడని బండిలో నెలల తరబడి ఆ పెట్రోల్ నిల్వ ఉంచొద్దు.

ఇంజన్ ఆయిల్‌కి పెట్రోల్ వాసన వస్తోంది, మట్టం కూడా పెరిగింది. నడపొచ్చా?

నడపొద్దు. మెకానికల్ పంపు డయాఫ్రమ్ చిరిగి పెట్రోల్ ఆయిల్ సంపులోకి దిగుతోంది. బేరింగులు పోతాయి, మంటలు రేగే ప్రమాదమూ ఉంది. పంపు మార్చి, ఆయిలూ ఫిల్టరూ మార్చాకే స్టార్ట్ చేయాలి.

## స్పార్క్ వైపు

పాయింట్లు ఉన్న పాత మోడల్. ఎంత గ్యాప్ పెట్టాలి? కండెన్సర్ పోతే ఎలా తెలుస్తుంది?

పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ., ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. కంటితో కాదు, ఫీలర్ గేజితో చూడాలి. పాయింట్ల కాలు అరిగేకొద్దీ గ్యాప్ తగ్గిపోతుంది, ఒకరోజు నడుస్తుండగానే స్పార్క్ ఆగుతుంది. పాయింట్లు తొందరగా కాలిపోతుంటే, ఒకదాని మీద గుంత, రెండోదాని మీద బొడిపె వస్తుంటే కండెన్సర్ మార్చండి. పాయింట్లు మార్చిన ప్రతిసారీ టైమింగ్ చూడాలి, లేకపోతే పని సగమే చేసినట్టు.

కొత్త కాయిల్ వేసినా మళ్లీ కాలిపోయింది. ఎందుకు?

తప్పు రకం కాయిల్ వేసి ఉంటారు. కొన్ని కాయిల్స్ రెసిస్టర్ ద్వారా వచ్చే తక్కువ వోల్టేజీకి తయారైనవి. వాటికి నేరుగా 12 వోల్టులు ఇస్తే ఉడికిపోతాయి. డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి, మీ బండిలో రెసిస్టర్ ఉందో లేదో చూసి కొనండి. ఆల్టర్నేటర్ 14.5 వోల్టులు దాటి ఇస్తున్నా కాయిల్ నిలవదు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఒక్కసారిగా కట్ అవుతుంది. పెట్రోల్ బాగానే ఉంది.

డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్న వైర్లు చూడండి. తొక్కినప్పుడు వాక్యూమ్ అడ్వాన్స్ ప్లేటు తిరుగుతుంది, దాంతోపాటు ఆ వైరూ వంగుతుంది. ఏళ్లకి పైన తొడుగు బాగానే ఉండి లోపలి తీగ తెగుతుంది. క్యాప్ తీసి ప్లేటుని చేత్తో తిప్పుతూ మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూస్తే పట్టుబడుతుంది.

ఆగిపోయాక సెల్ఫ్ మామూలుకన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతోంది. కానీ స్టార్ట్ కావట్లేదు.

ఇక సెల్ఫ్ కొట్టకండి. టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. క్యాప్ తీసి, ఒక్కసారి మాత్రం సెల్ఫ్ కొట్టి చూడండి. రోటర్ తిరగకపోతే బెల్టు పోయినట్టే. టో చేసుకుని షెడ్డుకి వెళ్లాల్సిందే, తోసి స్టార్ట్ చేసే ప్రయత్నం వద్దు.

## ఎంపీఎఫ్ఐ బండ్లు

ట్యాంకులో పెట్రోల్ తక్కువ ఉన్నప్పుడే ఎక్కువగా ఆగుతోంది. పంపేనా?

అనుమానం అటే. కరెంటు పంపు ట్యాంకులో మునిగి ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. మట్టం తగ్గితే వేడెక్కి ఆగుతుంది. ఆగినప్పుడు తాళం ఆన్ చేయించి ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. పంపు అందుకుంటే బ్రష్షులు అరిగాయని అర్థం, వెంటనే మార్చాలి. తట్టినా రాకపోతే ఫ్యూజు, రిలే చూడండి. పక్కనున్న అదే రకం రిలేని మార్చి పెట్టి చూస్తే ఖర్చు లేకుండా తేలుతుంది. ప్రెషర్ గేజి పెడితే నడుస్తున్న ఇంజన్ మీద సుమారు 2.5 నుంచి 3 కిలోల మధ్య చూపించాలి. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచుకోండి.

స్పార్కూ లేదు, పంపు శబ్దమూ లేదు. రెండూ ఒకేసారి ఎలా పోతాయి?

రెండూ పోలేదు, రెండింటినీ నడిపేది పోయింది. ఇంజన్ తిరుగుతోందని సెన్సర్ చెబితేనే ఈసీయూ స్పార్క్ ఇస్తుంది, పంపుని నడుపుతూ ఉంచుతుంది. తాళం వేసిన మొదటి రెండు సెకన్లు పంపు మోగి, సెల్ఫ్ కొట్టినప్పుడు ఆగితే పొజిషన్ సెన్సర్ లేదా దాని వైరు. ఆ మొదటి శబ్దమూ లేకపోతే మెయిన్ రిలే, ఈసీయూ ఫ్యూజు, ఎర్త్.

బ్రేకు వేసి ఆగేటప్పుడు ఐడ్లింగ్ పడిపోయి ఆఫ్ అవుతుంది. స్కానర్‌లో కోడ్ ఏమీ లేదు.

థ్రాటిల్ బాడీ విప్పి చూడండి. రేకు అంచు చుట్టూ నల్లటి జిడ్డు మసి పేరుకుని, ఐడిల్‌కి కావాల్సిన గాలి దారిని మూసేస్తుంది. క్లీనర్ గుడ్డకి పట్టించి తుడవండి, ఐడిల్ వాల్వ్ రంధ్రం కూడా శుభ్రం చేయండి. మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచేది) పైపు, బ్రేకు బూస్టర్ పైపు చిట్లాయేమో వేలితో తడిమి చూడండి. బ్రేకు తొక్కినప్పుడే ఆగుతుంటే బూస్టర్ పైపుని ఒక్క క్షణం క్లాంపుతో నొక్కండి. ఐడ్లింగ్ కుదురుకుంటే లీకు అక్కడే. ఈ పరీక్ష బండి నిలిపి ఉన్నప్పుడే చేయాలి.

## షెడ్డులో

మెకానిక్ నాలుగైదు పార్టులు ఒకేసారి మార్చేద్దామంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు. ఏది బాగుచేసిందో తెలియదు, పైగా చవకరకం కొత్త పార్టు కొత్త లోపాన్ని తెస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చమనండి, తీసిన పాత పార్టుని మీరే ఉంచుకోండి. ఒరిజినల్ కాయిల్, పంపు పాతవైనా దారిలో ఆదుకుంటాయి.

రిపేరు అయింది అంటున్నారు. నిజంగా పోయిందని ఎలా నమ్మాలి?

ఏ పరిస్థితిలో ఆగేదో అదే పరిస్థితిలో నడపండి. మధ్యాహ్నం ఎండలో అరగంటకి ఆగే బండిని సాయంత్రం రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకోవడం వల్ల ఏమీ తేలదు. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, అదే ఎండలో, ఏసీ వేసి, పావు ట్యాంకుతో గంటసేపు ఊళ్లో ట్రాఫిక్‌లో నడపండి. ఒకసారి ఆపి పది నిమిషాలు వేడి మీద వదిలేసి మళ్లీ స్టార్ట్ చేయండి. ఆ వారమంతా హైవే ఎక్కొద్దు, రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. డిక్కీలో పాత ప్లగ్గు, టెస్ట్ ల్యాంపు, ఒక ఫిల్టరు, రెండు ఫ్యూజులు, తడిపి వాడుకునే గుడ్డ ఉంచుకోండి.